నాన్నకు పని ఇవ్వని రెండు చోట్లు

మార్చి 4

అత్తా,

నువ్వెలా ఉన్నావని అడగను. వర్తకుల సభలో నువ్వు మాట్లాడిన వీడియో మొన్ననే చూశాను. మైకు ముందు అంత దర్జాగా నిలబడ్డ మనిషి బాగానే ఉండుంటుంది. ఫోన్ చేస్తేనేమో "వ్యాపారం సంగతులు ఫోన్లో చెప్పను, కాగితం మీద అడుగు, కాగితం మీదే చెప్తా, అప్పుడైతే రెండోసారి చదువుతావు" అన్నావు. సరే, అడుగుతున్నాను.

నా అట్టపెట్టెల కార్ఖానా మొదలైంది. కార్ఖానా అనేది పెద్ద మాటే. ఒక పొడవాటి రేకుల షెడ్డు, అట్టలు కత్తిరించే మిషను, జిగురు డబ్బాలు, వాటి మధ్య నేను. చెప్పుల షాపులవాళ్లూ కేకుల షాపులవాళ్లూ ఆర్డర్లిచ్చారు. బోర్డు మీద అక్షరాలు ఒక పక్కకి వాలిపోయాయని అంటే, రాసినాయన "నువ్వే తల వాల్చి చూస్తున్నావమ్మా" అని వాదించాడు. జిగురు వాసన జుట్టుకి పట్టేసి అమ్మ నన్ను దగ్గరికి రానివ్వడం లేదు.

మనుషులతోనే వచ్చింది చిక్కంతా. మొదట చేరినవాడు మధ్యాహ్నం భోజనానికని వెళ్లి ఇంతవరకూ భోజనం ముగించలేదు. రెండో ఆమె పని బాగానే చేసింది కానీ అందరితో తగువే. ఎలాంటివాళ్లని తీసుకోవాలో నువ్వే చెప్పాలి.

నాన్న కుర్చీల ఫ్యాక్టరీ మూతపడింది, నీకు తెలుసుగా. అన్నాళ్లు స్టోరు చూసుకున్న మనిషి ఇప్పుడు మా వంటింటి మీద పడ్డాడు. డబ్బాలన్నీ దించుతాడు, తుడుస్తాడు, కొత్త వరసలో పెడతాడు. పంచదార ఎక్కడుందో అమ్మకే తెలియడం లేదు.

జవాబు కోసం కాచుకుని ఉన్న
నీ మేనకోడలు


మార్చి 15

బుల్లి దొరసానికి,

నీ ఉత్తరం లాండ్రీలో ఆవిర్ల మధ్య నిలబడి చదివాను. అందుకే ఈ కాగితం కూడా కాస్త మెత్తబడి వస్తోంది, ఏమీ అనుకోకు.

ముందు నీ బుర్ర సంగతి. ఆర్డరు వచ్చిందని ఎగరకు, పోయిందని ఏడవకు. నేను మొదలెట్టిన కొత్తలో ఒక హోటలాయన దుప్పటి మీద మరక చూపించి నా మొహాన విసిరికొట్టాడు. ఆ దుప్పటి నేనే మళ్లీ ఉతికి, నేనే ఇస్త్రీ చేసి, నేనే పట్టుకెళ్లాను. అప్పటి నుంచి ఈ రోజు వరకూ ఆ హోటలు గుడ్డలు నా దగ్గరికే వస్తున్నాయి. పౌరుషం ఇంట్లో పెట్టి వెళ్లాలి. తిరిగొచ్చాక ఎంత కావాలంటే అంత పడచ్చు.

ఇక మనుషులు. వాళ్ల మాటలు వినకు, చేతులు చూడు. ఉద్యోగానికి వచ్చేవాళ్లు గేటు నుంచి నా గదిలోకి వచ్చే దారిలో, ఉతికి మడత పెట్టిన తువ్వాలు ఒకటి కింద పడేయిస్తాను. దాన్ని దాటుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. కొందరు తీసి, దులిపి, మళ్లీ శుభ్రమైన దొంతర మీద పెట్టేస్తారు. వీళ్లు ఇంకా ప్రమాదం. చేత్తో పట్టుకుని వచ్చి "ఇది కింద పడిందండీ, ఎక్కడ వెయ్యమంటారు?" అని అడుగుతారే, వాళ్లకే ఉద్యోగం. సభల్లో ఈ ముక్క చెప్పినప్పుడల్లా జనం నవ్వి చప్పట్లు కొడతారు.

ఇంకొకటి. బంధువుల్ని తీసుకోకు. నా ప్రతి బ్రాంచిలోనూ గోడ మీద రాయించాను: "యజమాని బంధువులకు ఇక్కడ ఉద్యోగం లేదు." ఎందుకంటే తప్పు చేస్తే తిట్టలేం, తిడితే భోజనాల దగ్గర మొహాలు చూసుకోలేం.

అన్నయ్యతో చెప్పు, పంచదార డబ్బా మీద పంచదార అని రాయమని. వదినని ఎందుకు తిప్పలు పెట్టడం!

ఆవిరి ఎక్కువైంది, ఉంటాను.
అత్త


ఏప్రిల్ 2

అత్తా,

నీ తువ్వాలు నా దగ్గర అట్టపెట్టె అయింది. షెడ్డు గుమ్మం లోపల నడిచే దారిలో ఒక పెట్టె అడ్డంగా పడేశాను. వచ్చినవాళ్లలో ఒకామె తీసి "ఇది నలిగింది, వాడతారా, పక్కన పడేస్తారా?" అని అడిగింది. మర్నాడే చేరిపోయింది. ఆవిడ చేతిలో జిగురు కూడా క్రమశిక్షణగా ఉంటోంది. మరొకతను కూడా అలాగే దొరికాడు. నువ్వు మామూలుదానివి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న నాన్న నా దగ్గరికి వచ్చి చాలాసేపు చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. చివరికి "మీ షెడ్డులో సరుకు చూసుకునేందుకు మనిషి కావాలా అమ్మా?" అన్నాడు. నిజానికి కావాలి. కానీ నీ నియమం గుర్తొచ్చి "చూద్దాం నాన్నా" అన్నాను. అమ్మ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఇన్నేళ్లలో నాన్నని నువ్వు కూడా తీసుకోలేదు. అది నియమం కోసమేనా, ఆయన పనిలో నీకేమైనా కనిపించిందా? నువ్వు మనుషుల్ని చూడగానే కనిపెట్టేస్తావు కదా. నాకు తెలియకపోతే రేపు నేనే ఇరుక్కుంటాను.

నీ మాట మీదే నిలబడి ఉన్న
కోడలు


ఏప్రిల్ 12

నా చిట్టి యజమానురాలికి,

మీ ఊళ్లో నా కొత్త బ్రాంచి తెరుస్తున్నాను, తెలుసా? మీ షెడ్డుకి అవతల వైపు, బస్సు డిపో వెనకాల. మిషన్లు దించే హడావుడిలో ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. నేను రావడానికి కుదరదు. కొత్త మేనేజరుని పెట్టాను. కుర్రాడు నియమం అంటే నియమమే. వాడి ముందు గడియారం కూడా భయపడుతుంది.

మీ నాన్న సంగతా! ఆ మహానుభావుడికి కాళ్ల దగ్గర పడింది కనపడదే. చిన్నప్పుడు నన్ను బజారుకి తీసుకెళ్లి, కూరలన్నీ జాగ్రత్తగా సంచిలో వేసుకుని, నన్ను అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాడు. అలాంటివాణ్ణి సరుకు చూసుకోమంటావా!

వద్దని నీ నోటితో చెప్పలేకపోతే, అందరికీ పెట్టిన పరీక్షే పెట్టు. వద్దని చెప్పేది పరీక్షే, నువ్వు కాదు. నీ మీద నింద ఉండదు.

మిషను దించేవాళ్లు అరుస్తున్నారు.
అత్త


మే 1

అత్తా,

పరీక్ష పెట్టాను.

అందరిలాగే రమ్మన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. పనివాళ్లు మిషను ఆపి చూస్తున్నారు. పెట్టె దారిలోనే ఉంది. నాన్న దాని దగ్గర ఆగాడు. కిందికి చూశాడు. చూశాడత్తా, కచ్చితంగా చూశాడు. చూసి, కాలెత్తి, జాగ్రత్తగా దాటుకుని వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. నువ్వు రాసింది ఎంత నిజమో అనుకున్నాను.

అందరికీ చెప్పే మాటే చెప్పాను, "సరే, తర్వాత కబురు చేస్తాం" అని. నాన్న లేచి "మంచిదండీ" అన్నాడు. నన్ను అండీ అన్నాడు.

ఆ సాయంత్రం అమ్మకి పరీక్ష సంగతంతా వివరంగా చెప్పాను, నా తప్పేం లేదని తెలియాలని. నాన్న పక్క గదిలోనే ఉన్నాడు, వినే ఉంటాడు. అమ్మ "నీకు తెలిసిన మనిషికి పరీక్షేంటే" అంది. నేను చేతికంటిన జిగురు గోక్కుంటూ కూర్చున్నాను.

నేను చేసింది సరైనదేనని ఒక్క ముక్క రాస్తావా?

కోడలు


మే 9

బంగారు తల్లికి,

శభాష్. ఇంత గుండె నిబ్బరం నీ వయసులో నాకు లేదు. అన్నయ్యని కూర్చోబెట్టి మాట్లాడటం అంటే మాటలా! నాలుగు రోజులు ముభావంగా ఉంటాడు, తర్వాత వాడే సర్దుకుంటాడు. వచ్చే నెల సభలో నీ సంగతి చెప్తాను, పేరు చెప్పకుండా.

"మంచిదండీ" అన్నాడని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క దగ్గర ఎందుకో రెండుసార్లు ఆగాను. మనసులోంచి తీసెయ్యి. నేనూ తీసేస్తాను.

మీ ఊరి బ్రాంచి మొదలైంది. ఆసుపత్రి దుప్పట్లు వస్తున్నాయి, మనుషులు చాలడం లేదు. నా తువ్వాలు పరీక్ష మేనేజరు తు.చ. తప్పకుండా పెడుతున్నాడట.

అత్త


జూన్ 20

అత్తా,

ఈసారి మంచి కబురు. నాన్నకి ఉద్యోగం దొరికింది! ఎక్కడో చెప్పడం లేదు. "దొరికింది, అంతే, ఇంకేం అడక్కు" అంటాడు. పొద్దున్నే క్యారియర్ పట్టుకుని వెళ్లిపోతున్నాడు, సాయంత్రం ఈల వేసుకుంటూ వస్తున్నాడు. వంటింటి డబ్బాలు మళ్లీ పాత చోట్లకి చేరాయి. అమ్మ మొహం వెలిగిపోతోంది. నాకైతే గుండెల మీంచి బరువు దించినట్టుంది.

చేతులు మాత్రం నీళ్లలో నానినట్టు తెల్లగా ముడతలు పడి ఉంటున్నాయి. సబ్బు వాసన వస్తున్నాడు. ఏదో హోటల్లో గిన్నెల పని అని అమ్మ అనుమానం. అడిగితే నవ్వుతాడు. మళ్లీ నాతో మాట్లాడుతున్నాడు కాబట్టి నేనూ రెట్టించలేదు.

ఇక్కడ కేకుల షాపువాళ్లు మూత మీద కిటికీ ఉన్న పెట్టెలు కావాలంటున్నారు. కిటికీ కత్తిరించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. దీని గురించి నీకు తోచింది రాయి.

తేలికపడ్డ
కోడలు


జులై 8

అమ్మలూ,

కూర్చుని చదువు. అమ్మకి చదివి వినిపించకు.

నిన్న మీ ఊరి మేనేజరు ఫోన్ చేశాడు. "మేడమ్, మన దగ్గర ఒకాయన మీ బంధువునన్న సంగతి దాచి చేరాడు. మీ బంధువుల పెళ్లిలో మీ పక్కన చూశానని మన వ్యాను డ్రైవరు గుర్తుపట్టాడు. గోడ మీద నియమం చూపించి పోయిన వారమే ఆ క్షణాన్నే పంపేశాను" అన్నాడు. నేను శభాష్ అన్నాను. ముందు శభాష్ అని, తర్వాత ఎవరని అడిగాను.

మీ నాన్నే.

మన మిషన్ల దగ్గర తడి దుప్పట్లు మోశాడట. తువ్వాలు పరీక్ష నెగ్గే చేరాడు. కనపడగానే తీసి, ఎక్కడ వెయ్యమంటారని అడిగాడట. నీ దగ్గర తప్పిన పరీక్షని నా దగ్గర సరిగ్గా రాశాడు. ఎప్పుడూ ఒక్క నిమిషం ఆలస్యంగా రాలేదని, పంపేస్తే ఒక్క మాటైనా గొణగలేదని ఆ మేనేజరే చెప్పాడు. మొహాన్నే నిలదీస్తే, "అవునండీ, ఆమె నా చెల్లెలు. చెప్పకపోవడం నాదే తప్పు" అని ఏప్రన్ విప్పి, మడత పెట్టి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడట. నాకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పొచ్చు కదా! చెప్తే నా నియమం చెడిపోతుందని చెప్పలేదు. నాకు తెలుసు వాడి సంగతి.

కాళ్ల దగ్గర పడింది కనపడదని రాశాను చూడు, అది ఉత్త హాస్యం. హడావుడిలో నోటికొచ్చింది రాశాను. నువ్వు దాన్ని తీర్పనుకున్నావు. బజారులో నన్ను మరిచిపోయిన మాట నిజమే, కానీ వీధి మలుపు దాటకముందే గుర్తొచ్చి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆ సగం రాయలేదు, రాస్తే నవ్వు రాదని. నియమం కూడా నిజానికి వాడి గురించి కాదు. నా కింద అన్నయ్య నిలబడితే నేను యజమానిలా ఉండలేనని నా భయం. దానికి గోడ మీద రంగు వేయించి నియమం అని పేరు పెట్టాను.

వారమైంది పంపేసి. మరి క్యారియర్ పట్టుకుని ఇంకా వెళ్తున్నాడా? ఎక్కడికి వెళ్తున్నాడు? చూడు తల్లీ. నీ షెడ్డులోకి తీసుకో. పరీక్షలూ వద్దు, ఏమీ వద్దు.

మొహం చెల్లని
అత్త


జులై 17

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున కూడా నాన్న క్యారియర్ పట్టుకునే వెళ్లాడు. ఈల కూడా వేశాడు.

వెనకాలే వెళ్లాను. బస్సు డిపో దాటి, పాత సినిమా హాలు దాటి, గోదాములున్న వీధిలోకి వెళ్లాడు. ఒక్కో గేటు దగ్గర ఆగి వాచ్‌మన్‌తో ఏదో అడిగి, తల ఊపి, పక్క గేటుకి వెళ్తున్నాడు. మధ్యాహ్నం ఒక అరుగు మీద కూర్చుని క్యారియర్ విప్పాడు. అప్పుడు వెళ్లి పక్కన కూర్చున్నాను. ఉలిక్కిపడి, ముందు నాకో ముద్ద పెట్టబోయాడు.

అడిగేశాను అత్తా. "పెట్టె చూశావు కదా, ఎందుకు దాటావు?" అని.

"చూడకేం! నీ పనివాళ్లందరూ చూస్తున్నారు కదమ్మా. రాగానే వంగి సర్దడం మొదలెడితే, ఓనరమ్మ నాన్న పెత్తనానికి వచ్చాడనుకోరూ? ఉద్యోగం ఇచ్చేదాకా దేన్నీ ముట్టుకోకూడదనుకున్నా. ఇంట్లో అయితే నీ చెప్పులు కూడా నేనే సర్దుతానుగా!" అన్నాడు. ఏదో తెలివైన పని చేసినవాడిలా చెప్పాడు.

నా షెడ్డుకి రమ్మని బతిమాలాను. ఏడ్చాను. "నీ పద్ధతి నాకోసం మార్చకు. రేపు ఇంకొకణ్ణి ఏ మొహంతో వద్దంటావు? అత్త కష్టపడి నేర్చుకుంది, నీకు నేర్పింది. నేనెందుకు పాడుచెయ్యాలి?" అన్నాడు. కోపంగా అంటే బాగుండేది. నెమ్మదిగా, నాకు వ్యాపారం చెప్పినట్టు చెప్పాడు.

నువ్వు హాస్యానికి రాశానన్నావు. నేను నిజమనుకున్నానని ఎలా చెప్పను? నాకు నిజమనుకోవడమే సులువనిపించింది. అమ్మ అడుగుతుంది, నాన్న గుండీ తిప్పుతూ నిలబడతాడు, నాకు వద్దనే ధైర్యం లేదు. నీ ఉత్తరం దొరికింది. ఇప్పుడు నీ మీద కోపం తెచ్చుకుందామంటే అది కూడా రావడం లేదు.

కోడలు


జులై 26

అమ్మలూ,

గోడ మీద నియమం మీద సున్నం వేయించాను, అన్ని బ్రాంచిల్లోనూ. మేనేజరుని మీ ఇంటికి పంపాను. వాడు మీ నాన్నని వెనక్కి రమ్మని అడిగితే, "మీరు చేసింది సరైన పనే బాబూ" అని టీ ఇచ్చి పంపాడట. ఆ కుర్రాడు ఫోన్‌లో ఏడ్చినంత పనిచేశాడు.

మొన్న సభకి వెళ్లాను. ముందే ఒప్పుకున్నాను, తప్పలేదు. ఆ తువ్వాలు ముక్క చెప్పమని ముందు వరసలోంచి అడిగారు. మొదలెట్టాను. దాటుకుని వచ్చేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వారు, ఎప్పుడూ నవ్వే చోటే. నాకు అన్నయ్య కాలెత్తడం కనపడింది. గొంతు బాగాలేదని చెప్పి దిగిపోయాను.

వాడికి ఉత్తరం రాద్దామని కూర్చుంటే "అన్నయ్యా" అన్న మాట దాటి కలం కదలడం లేదు. రోజుకి ఎంతమందికి ఏమేం చెయ్యాలో చెప్పే మనిషిని నేను! వాడికి నా మీద కోపం ఉందేమో కనుక్కుని రాయి. ఉంటే బాగుండు.

అత్త


ఆగస్టు 6

అత్తా,

నిన్న మా షెడ్డుకి పైపుల గోదాము యజమాని వచ్చాడు. పెద్దాయన, చెవి కాస్త దూరం, అందుకే ప్రతి మాటా అరిచినట్టు మాట్లాడతాడు. పెట్టెలకి ఆర్డరేమో అనుకుని కుర్చీ వేశాను. దారిలో పెట్టె లేదు, అది తీసేసి చాలా రోజులైంది.

"అమ్మాయ్, స్టోరు పని చేసినాయన ఒకరు నీ దగ్గరికి ఉద్యోగానికి వచ్చాడా?" అన్నాడు.

"వచ్చారండీ."

"నువ్వు వద్దన్నావట. ఆ లాండ్రీలో కూడా పంపేశారట. ఇంతకుముందు ఎక్కడెక్కడ చేశావయ్యా అంటే, చేసిన చోటుతో పాటు వద్దన్న చోట్లు కూడా చెప్పాడు. అలా చెప్పినవాణ్ణి నేను చూళ్లేదు. ఎందుకు వద్దన్నారయ్యా అంటే, 'వాళ్లనే అడగండి, మనుషుల్ని ఎంచుకోవడం వాళ్లకి బాగా తెలుసు, అబద్ధం చెప్పరు' అన్నాడు. అందుకని వచ్చా. చెప్పు, ఏంటి లోపం?"

వెటకారం కాదత్తా. నాన్న మనల్ని నిజంగా నమ్మి పంపాడు. తనలో ఏదో లోపం ఉందని, అది మన ఇద్దరికీ తెలుసని, కొత్త యజమానిని మోసం చెయ్యకూడదని.

"ఆయన మా నాన్నండీ" అన్నాను.

"అది కాదమ్మా నేనడిగింది. పని వచ్చా?"

మిషను ఆగిపోయింది. పనివాళ్లందరూ వింటున్నారు. "తెలియదండీ. ఆయన పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు" అన్నాను.

"మరి చూడకుండా ఎలా వద్దన్నావు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామని అడిగాడు, అరిచినట్టుగా. నేను బల్ల మీది అట్టముక్కలు సర్దసాగాను. కాసేపు చూసి, "సర్లే, నేను చూసుకుంటాను" అని లేచాడు.

సోమవారం నుంచి నాన్న అక్కడికి వెళ్తాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఈసారి చెప్పాడు. గోదామాయన వచ్చాడా అని అడిగితే, జరిగిందంతా చెప్పాను. "అయ్యో, అందరి ముందూ నిన్ను ఇరకాటంలో పెట్టానా!" అని బాధపడ్డాడు.

నీ మీద కోపం ఉందా అని కూడా అడిగాను, నువ్వు రాయమన్నావుగా. నాన్నకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "అత్తకి నా మాటగా ఒకటి రాయి. చెల్లెలి దగ్గర అబద్ధం చెప్పి చేరాను, తప్పయిపోయింది, మనసులో పెట్టుకోవద్దన్నానని రాయి" అన్నాడు.

"నువ్వే రాయి నాన్నా" అన్నాను.

"నేను రాస్తే అది ఏడుస్తుంది. నువ్వు రాయి" అన్నాడు.

రాశాను అత్తా. దీనికి జవాబు నాకు రాయకు. నాన్నకి రాయి.

కోడలు